నీళ్లు అందరివి, రిపోర్టు కొందరిదా?

ఉప్పుటేళ్ల పక్కన రొయ్యల గుంటల్లో మళ్లీ అదే కథ. పిల్ల వేసి నెల దాటేసరికి నీళ్ల మీద తెల్లటి పోగుల్లా మలం తేలుతుంది, చెక్ ట్రేలో మేత మిగిలిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది, ఇక లాభం లేదని వంద కౌంట్‌కే, అంటే కిలోకు వంద తూగే చిన్న సైజులోనే, అర్జెంటుగా పట్టుబడి చేసేస్తారు. మన పాఠకులకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు అడిగినా, పైన సింగరాయకొండ, కొత్తపట్నం వైపు అడిగినా ఇదే చెబుతారు. జబ్బు వచ్చిందని మాకు కోపం లేదు. మత్స్యశాఖవాళ్లు వచ్చి కాలవ నీళ్లు సీసాల్లో, గుంట మట్టి కవర్లలో పట్టుకెళ్లారు, క్రిముల్ని జన్యువుల ద్వారా పట్టే పీసీఆర్ పరీక్ష చేయిస్తామన్నారు, వారాలు గడిచాక ఫలితం ఏమైందని రైతులు అడిగితే "పైకి పంపాం, అది మీకిచ్చేది కాదు" అన్నారు. ఇచ్చేది కాదట! ఆ కాలవ నీళ్లు తోడుకునేది రైతు, అందులో దిగి మడవలు, పీతలు పట్టుకునేది పక్క పల్లె జాలరి. అందులో ఏముందో తెలిసిన కాగితం మాత్రం ఏదో ఆఫీసు బీరువాలో ఉంటుంది.

ఈ పరీక్ష ఏమీ బ్రహ్మవిద్య కాదు. 1983లో అమెరికాలో కేరీ ముల్లిస్‌కు తట్టిన ఆలోచన, పదేళ్లకు నోబెల్ కూడా వచ్చింది. నీళ్లను సన్నటి ఫిల్టరులో వడపోస్తారు, దాని మీద చిక్కిన కణాల్ని పగలగొట్టి డీఎన్ఏ బయటికి తీస్తారు, మనం వెతుకుతున్న క్రిమికి మాత్రమే ఉండే జన్యు ముక్కను పట్టుకుని యంత్రంలో వేడి చేస్తూ చల్లారుస్తూ రెట్టింపు చేసుకుంటూ పోతారు. లెక్కప్రకారం 30 సార్లు రెట్టింపైతే ఒక్క ముక్క 107 కోట్ల ముక్కలవుతుంది, అందుకే కంటికి కాదు కదా మామూలు మైక్రోస్కోపుకు కూడా సరిగా ఆనని ఈహెచ్‌పీ లాంటిది, అంటే రొయ్య ఎదుగుదలను ఆపేసే సూక్ష్మ పరాన్నజీవి, కూడా దొరికిపోతుంది. అది వ్యాపించే బీజం (స్పోర్) సైజు దాదాపు ఒక మైక్రాన్, మిల్లీమీటరులో వెయ్యో వంతు. క్రిమి పేరు ముందే తెలియకపోయినా ఫరవాలేదు, బ్యాక్టీరియా అన్నిటిలోనూ ఉండే 16ఎస్ జన్యువును చదివితే ఆ నీళ్లలో ఏ జాతి బ్యాక్టీరియా ఉన్నాయో, వాటిలో రొయ్యలకు జబ్బు చేసే విబ్రియో బ్యాక్టీరియా వాటా ఎంతో బయటపడుతుంది. ఒకప్పుడు ల్యాబులో పెంచితే తప్ప తెలిసేది కాదు, పెంచితే పెరగనివి అసలు లెక్కలోకే వచ్చేవి కావు.

ఇంత మంచి సాధనం చేతిలో ఉంది. దాన్ని ఎవరి కోసం వాడుతున్నారన్నదే మా గొడవ.

ఇప్పుడు మన గుంటల్లో ఎక్కువగా పెంచే వనామీ రకం తల్లి రొయ్యల సంగతి చూడండి. 2009లో ఆ రకానికి అనుమతి ఇచ్చినప్పటి నుంచి విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యల్ని చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పీసీఆర్ చేసి, జబ్బులు లేవని తేలాకే పిల్లల్ని పుట్టించే హేచరీలకు వదులుతున్నారు. మంచిదే. అటు చివర సరుకు ఎగుమతయ్యేటప్పుడు కూడా పరీక్షలే, యూరప్ అయితే 2016లో మన చెరువు సరుకు కంటైనర్లలో యాంటీబయాటిక్ కోసం నమూనాలు తీసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. అంటే రొయ్య దేశంలో అడుగుపెట్టేటప్పుడు పరీక్ష, దేశం దాటేటప్పుడు పరీక్ష. మధ్యలో నాలుగు నెలలు అది బతికే నీళ్లకు, ఆ నీళ్లు కలిసే క్రీకుకు (ఉప్పుటేరుకు), ఆ క్రీకు ఒడ్డున ఉండే మనుషులకు? అక్కడ పరీక్ష జరిగినా ఫలితం చెప్పరు. యూరప్ వాడి ప్లేటుకు ఉన్న మర్యాద కండలేరు క్రీకు ఒడ్డున కూలి చేసుకునే మనిషికి లేదన్నమాట. 2024-25లో దేశం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62,408 కోట్ల రూపాయలు, అందులో సింహభాగం రొయ్యలదే, రొయ్యల్లో ముందున్న రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. ఇన్ని కోట్లు తెచ్చిపెట్టే నీళ్లలో ఏముందో ఒక బోర్డు మీద రాసి పెట్టడానికి డబ్బు లేదంటే ఎవరు నమ్ముతారు?

అధికారుల వాదన మాకు తెలుసు. పాజిటివ్ అని బయటికి చెబితే రైతులు టెన్షన్ పడతారు, కొనేవాళ్లు రేటు కోస్తారు, పైగా పీసీఆర్ పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టే కాదు, చచ్చిన వైరస్ డీఎన్ఏ కూడా చూపిస్తుంది అంటారు. చివరి మాట నిజం. బ్లీచింగ్ కొట్టిన గుంటలో కూడా కొన్నాళ్లు పాజిటివ్ రావచ్చు. అయితే అది దాచడానికి కారణం ఎలా అవుతుంది, వివరించి చెప్పడానికి కదా కారణం కావాలి?

దాచినందువల్ల పుకార్లు ఆగాయా అంటే అదీ లేదు. ఊళ్లో ఒక గుంట పోయిందంటే సాయంత్రానికి వాట్సాప్‌లో రొయ్యల్ని మూకుమ్మడిగా చంపే వైట్ స్పాట్ వైరస్ అని తిరుగుతుంది, మర్నాటికి కమీషన్ ఏజెంటు రేటు తగ్గిస్తాడు, జబ్బు లేని వాడు కూడా భయపడి ముందే పట్టేస్తాడు. ఎటొచ్చీ నష్టపోయేది రైతే, అదే రిపోర్టు బయట ఉంటే కనీసం ఏ కాలవ జోలికి పోకూడదో తెలిసేది.

పరీక్షలో లోపాలున్నాయంటారా, ఉన్నాయి, వాటిని మేమే చెబుతాం. గుంట అడుగు బురదలో హ్యూమిక్ ఆమ్లాల్లాంటివి ఉంటాయి, సరిగా శుద్ధి చేయకపోతే అవి పీసీఆర్ చర్యనే ఆపేస్తాయి, క్రిమి ఉన్నా నెగెటివ్ వస్తుంది. ఈహెచ్‌పీ బీజానికి కైటిన్‌తో గట్టి గోడ ఉంటుంది, దాన్ని బాగా పగలగొట్టకుండా తొందరగా పని కానిచ్చేస్తే లోపలి డీఎన్ఏ బయటికే రాదు. మొదట్లో వాడిన జన్యు పరీక్ష ఈహెచ్‌పీకి దగ్గరి చుట్టాలైన వేరే క్రిముల్ని కూడా అదేనని చూపించేది, అందుకే 2016లో బీజం గోడ ప్రొటీన్ జన్యువు ఆధారంగా మెరుగైన పరీక్ష తెచ్చారు. వైట్ స్పాట్ వైరస్ ఇంకా సన్నం, నీళ్లలో విడిగా ఉన్నది మామూలు ఫిల్టరులోంచి జారిపోగలదు, కాబట్టి నీళ్లొక్కటే చూసి లేదనేస్తే సరిపోదు, మట్టీ పీతలూ కూడా చూడాలి. ఏ ల్యాబు ఏ పద్ధతిలో చేసింది, ఎన్ని నమూనాలు తీసింది, ఎక్కడ తీసింది అన్నది తెలియకుండా నెగెటివ్ అన్న ఒక్క ముక్కకు విలువే లేదు. ఆ వివరాలన్నీ రిపోర్టులోనే ఉంటాయి. రిపోర్టేమో బయటికి రాదు.

ప్రైవేటు ల్యాబుల సంగతి మరీ ఘోరం. హేచరీ నుంచి పిల్లతో పాటు ఒక పీసీఆర్ కాగితం వస్తుంది, రైతు దాన్ని దేవుడి పటంలా జాగ్రత్త చేసుకుంటాడు. ఎన్ని పిల్లల్ని పరీక్షించారో అందులో చాలాసార్లు ఉండదు. లెక్క చూద్దాం: ట్యాంకులో 2 శాతం పిల్లలకు జబ్బు ఉంటే, 95 శాతం నమ్మకంతో దాన్ని పట్టాలంటే కనీసం 150 పిల్లల్ని తీయాలి. 30 పిల్లలతో సరిపెడితే సగం కంటే ఎక్కువసార్లు జబ్బు తప్పించుకుంటుంది. ఆ 30 కూడా ట్యాంకు నలుమూలల నుంచి తీశారా, చేతికందిన చోట ముంచుకొచ్చారా, ఎవరు చూడొచ్చారు? లక్షల పిల్ల కొనేవాడు ఆ కాగితం చూసి అప్పు చేస్తున్నాడు. సీడ్ నాణ్యత మీద రాష్ట్రంలో 2006 నుంచి చట్టం ఉంది. ఉంటే ఏం లాభం, అప్పుడప్పుడు పేరు చెప్పకుండా ఒక తెలిసిన పాజిటివ్ నమూనాను ఈ ల్యాబులన్నిటికీ పంపి, ఎవరు పట్టారో ఎవరు పట్టలేదో ఊరందరికీ చెబితే సగం రోగం అక్కడే కుదురుతుంది. అలా చెప్పరు. మళ్లీ అదే జబ్బు, రిపోర్టు కొందరిది.

చెబితే కొంపలు మునుగుతాయా? 2020లో కరోనా సమయంలో హైదరాబాద్ మురుగునీటిని అక్కడి కేంద్ర పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు పరీక్షించి, నగరంలో లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని బాహాటంగా ప్రకటించారు. ఊరు ఖాళీ కాలేదు, ఎవరూ ఎవరినీ కొట్టుకోలేదు, ఆస్పత్రులకు ముందే ఒక అంచనా దొరికింది. ముంబయిలో పోలియో వైరస్ కోసం మురుగునీళ్లు 2001 నుంచే చూస్తున్నారు. నగరం మురుగుకు ఇచ్చిన నిజాయితీ మన తీరం నీళ్లకు ఎందుకు ఇవ్వరు అని అడుగుతున్నాం.

ఇది రొయ్యల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. గుంటూరు పక్కన తురకపాలెంలో 2025లో వరసగా మనుషులు పోయాక, మట్టిలో బతికే బ్యాక్టీరియాతో వచ్చే మెలియాయిడోసిస్ అన్న అనుమానం వచ్చింది, అప్పుడు పరుగులు పెట్టి మట్టి, నీళ్ల నమూనాలు తీశారు. మనుషులు పోయాక! క్రీకు నీళ్లలో, గుంటల బురదలో మందులకు లొంగని బ్యాక్టీరియా జన్యువులు పేరుకుంటున్నాయా లేదా అన్నది ఇదే సాధనంతో తెలుస్తుంది. నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల అవశేషాల కోసం ఎగుమతి సరుకును జల్లెడ పడుతున్నాం, ఆ మందులు వాడితే తయారయ్యే మొండి బ్యాక్టీరియా మాత్రం మన దగ్గరే ఉండిపోతుంది, దాన్ని ఎవరూ కంటైనర్లో ఎత్తి పంపలేరు. కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లో వచ్చింది, 2023లో సవరించారు. ఆ 2005 నాటి నిబంధనల్లో వదిలే నీళ్ల ఆమ్లత్వం, మడ్డి, ఆక్సిజన్, అమ్మోనియా లాంటివి కొలవమన్నారు. నిజానికి గుంటల్ని ముంచుతున్నది వైరస్సూ ఈహెచ్‌పీనే. ఇరవై ఏళ్ల కిందటి కొలతలతో నేటి రోగాన్ని చూస్తామంటే ఎలా?

రైతుల్ని వెనకేసుకొస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. తన గుంటలో వైట్ స్పాట్ వచ్చిందని ల్యాబు చెప్పాక, ఆ కాగితం జేబులో పెట్టుకుని, రాత్రికి రాత్రి తూము ఎత్తి బ్లీచింగ్ కూడా వేయకుండా నీళ్లన్నీ కాలవలోకి వదిలేసేవాళ్లు ఊరికి ఇద్దరైనా ఉన్నారు. తెల్లారి అదే కాలవలో పక్క రైతు మోటారు వేస్తాడు. ఈయన రిపోర్టు ఈయన సొంతం, ఈయన రోగం మాత్రం ఊరందరిది. ఈహెచ్‌పీ పోవాలంటే గుంట ఎండగట్టి, దున్ని, హెక్టారుకు 6 టన్నుల దాకా కాల్చిన సున్నం చల్లాలని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు, లీజు గడువు దాటిపోతుందని ఆ పని ఎగ్గొట్టి మళ్లీ పిల్ల వేసేవాళ్లూ వీళ్లే. ప్రభుత్వం దాస్తోందని తిట్టే నోటితో తన గుంట సంగతి దాచడం ఏం న్యాయం? 1994, 95లో వైట్ స్పాట్ ఈ తీరాన్ని తుడిచిపెట్టినప్పుడు పీసీఆర్ ల్యాబు ఊరి దరిదాపుల్లో లేదు, ఏం వచ్చిందో తెలిసేలోపే గుంటలు బీడు పడ్డాయి, అప్పులకు భూములు పోయాయి. అప్పుడు తెలియక పోయింది. ఇప్పుడు తెలిసి పోగొట్టుకుంటున్నాం, దానికి సాకు ఏముంది?

మేం అడిగేది పెద్దదేం కాదు. నెలకోసారి ప్రతి క్రీకు, ప్రతి ప్రధాన కాలవ నుంచి నీళ్లూ మట్టీ తీసి, వైట్ స్పాట్, ఈహెచ్‌పీ, విబ్రియోలు, మందులకు లొంగని జన్యువులు చూసి, ఏ చోట, ఏ తేదీన, ఏ పద్ధతిలో తీశారో సహా రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో అంటించాలి. రైతు పేరు, సర్వే నంబరు వేయనక్కర్లేదు, కాలవ పేరు చాలు. జాలరి పల్లెల్లో కూడా అంటించాలి, వాళ్లు రొయ్యలు పెంచరు కాబట్టి వాళ్లకెందుకు అనే మాట ఇకపై వినబడకూడదు. పాజిటివ్ వచ్చిన గుంట నీళ్లు శుద్ధి చేయకుండా వదిలితే జరిమానా వేయాలి, ఏ పార్టీ మనిషి గుంటైనా సరే.

ఆ సీసాల్లో పట్టుకెళ్లిన నీళ్లు మీ ఇంటి నీళ్లు కావు, ఆ పరీక్షకు పెట్టిన డబ్బు మీ జేబులోది కాదు. తర్వాతి పంటకు పిల్ల వేయక ముందే ఆ రిపోర్టులు బయట పెట్టండి. పెట్టలేమంటారా, ఎందుకు పెట్టలేరో సంతకం పెట్టి రాసివ్వండి, అచ్చంగా అలాగే మొదటి పేజీలో వేస్తాం.