మార్కుల దానం కాదు

“సమ్మిళిత బోధన అంటే మార్కులు పంచిపెట్టడమే. పాఠం అందరికీ ఒకేలా చెప్పాలి. అందుకోలేనివాళ్ల కోసం ఆగితే తెలివైనవాళ్లు నష్టపోతారు. ఒక్కొక్కరి లెర్నింగ్ స్టైల్ చూస్తూ కూర్చుంటే డిగ్రీకి విలువేముంటుంది?” యూనివర్సిటీ చదువుల గురించి చాలామంది షేర్ చేస్తున్న ఒక పోస్టులోని వాదన ఇది. సమ్మిళిత బోధన అంటే క్లాసులో ఎవరూ వెనకబడిపోకుండా, అందరికీ అందేలా పాఠం చెప్పడం.

ముందు మార్కుల సంగతి. 1970ల చివర్లో బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు కాల్కులస్ అనే గణిత కోర్సులో ఎక్కువగా ఫెయిలవుతుంటే యూరి ట్రైస్‌మన్ కారణం ఆరా తీశాడు. పట్టుదల లేదనో, ఇంట్లో ప్రోత్సాహం లేదనో తోటి అధ్యాపకులు అనుకున్నారు. అదేం కాదు. వాళ్లు చాలావరకు ఒంటరిగా చదువుకుంటున్నారు. బాగా రాస్తున్న చైనా మూలాల విద్యార్థులేమో కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. ట్రైస్‌మన్ వర్క్‌షాపులు పెట్టాడు. సులువు లెక్కలివ్వలేదు, ఇంకా కష్టమైనవిచ్చి కలిసి చేయమన్నాడు. ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. ఇందులో దిగజారిన ప్రమాణం ఏదో నాకైతే కనిపించలేదు.

తెలివైనవాళ్లు నష్టపోతారా? సైన్స్, ఇంజినీరింగ్, గణిత కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం కలిపి చూసింది. ఉపన్యాసమే నడిచే క్లాసుల్లో దాదాపు 34 శాతం ఫెయిలైతే, విద్యార్థుల చేత పని చేయించే క్లాసుల్లో 22 శాతం. పరీక్షల్లో సగటు మార్కులూ పెరిగాయి. సగటు పెరిగినచోట ముందువరుస మునిగిపోయిందనడం కష్టం. అయితే ఒక్కమాట: మొక్కుబడిగా రెండు ప్రశ్నలడిగి వదిలేస్తే వెనకబడినవాళ్లకు ఒరిగేదేమీ లేదు. క్లాసు టైమ్‌లో ఎక్కువ భాగం ఇలా నడిపినచోటే వెనకబడిన వర్గాల విద్యార్థులకూ మిగతావాళ్లకూ మధ్య అంతరం తగ్గిందని 2020 నాటి మరో విశ్లేషణ చూపింది.

ఇక ‘అందరికీ ఒకేలా’. క్లాసులో చూపులేని విద్యార్థి ఉండగా బోర్డు చూపిస్తూ “గీత ఇక్కణ్నుంచి ఇలా వెళ్తుంది” అంటే, చెప్పింది అందరికీ ఒకటే, అందింది ఒకటి కాదు. “ఎక్స్ పెరిగేకొద్దీ వై తగ్గుతోంది” అని పలికితే సిలబస్‌లో అక్షరం కూడా తగ్గదు. నోట్సు రాసుకుంటూ తల దించినవాడికీ పనికొస్తుంది.

లెర్నింగ్ స్టైల్స్ విషయంలో మాత్రం పోస్టు వెక్కిరింత సబబే. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని విడదీసి బోధిస్తే మేలని చెప్పేందుకు తగిన ఆధారం లేదని 2008లోనే హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. ఆ పేరుతో ఎవరైనా ట్రైనింగ్ పెడితే నేనూ వెళ్లను. కానీ పైన చెప్పిన వాటిలో ఏ ఒక్కదానికీ దాని అవసరం రాలేదు.