మోడళ్లను కొలతలతో ఎవరూ సరిచూడరట!

వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇది: "గాలి కాలుష్యం, వాతావరణ మార్పుల మోడళ్లన్నీ కంప్యూటర్ జోస్యాలే. కొలతలతో ఎవరూ సరిచూడరు. పది మోడళ్లు ఒకే మాటంటే అదే నిజమనుకుంటారు. రేపటి వానే చెప్పలేనివాళ్లు యాభై ఏళ్ల తర్వాతి సంగతి చెబుతారా?"

సరిచూడరా? ఇటలీలోని ఇస్ప్రాలో ఉన్న ఐరోపా కమిషన్ పరిశోధన కేంద్రం, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కలిసి ఏక్యూఎంఈఐఐ అనే, గాలి నాణ్యత మోడళ్లను సరిచూసే అంతర్జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది అందుకే. ముందుండి నడిపినవారు స్టెఫానో గల్మరీని, ఎస్. త్రివిక్రమ రావు. తొలి విడతలో 2006వ సంవత్సరాన్ని పరీక్షగా పెట్టారు. ఆ ఏడాది ఐరోపా, ఉత్తర అమెరికాల గాలి ఎలా ఉండేదో ఒక్కో బృందం తన మోడల్‌తో లెక్కకట్టాలి. ఉద్గారాల లెక్కలు, అంటే ఎక్కడ ఎంత కాలుష్యం గాల్లోకి వదులుతున్నారన్న వివరాలు, చాలామటుకు అందరికీ ఒకటే ఇచ్చారు, కాబట్టి సాకులకు చోటు తగ్గింది. ఫలితాలను నేల మీది కేంద్రాల కొలతల పక్కన పెట్టి చూస్తే, పీఎం 10 అనే సన్నని ధూళిని (10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు) చాలా మోడళ్లు తక్కువగా చూపాయని తేలింది. ఆ సంగతి దాచలేదు, పరిశోధన పత్రాల్లో అచ్చేశారు.

పది మోడళ్లు ఒకే మాటంటే నిజమైపోదన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే. తమాషా ఏమిటంటే, దాన్ని అంకెలతో చూపించింది కూడా వీళ్లే. ఒకే ఉద్గారాల లెక్కతో నడిచే మోడళ్ల తప్పులు ఒకే వైపు మొగ్గుతాయి. ఒకే పుకారు విని వచ్చిన పదిమందిని పదిమంది సాక్షులుగా లెక్కేయలేం కదా. అందుకే మొత్తం మోడళ్ల సగటు తీసేకంటే, తప్పుల్లో ఒకదాన్నొకటి పోలని కొన్నింటిని ఏరి సగటు తీస్తే కొలతలకు దగ్గరగా రావచ్చని చూపించారు. అంటే మోడళ్ల సంఖ్య పెంచుకుంటూ పోతే నమ్మకం పెరగదు.

ఇక వాన సంగతి. రేపు మీ వీధిలో పడుతుందా అన్నది ఒక ప్రశ్న, ముప్పై ఏళ్ల సగటు ఎటు జరుగుతుందన్నది వేరే ప్రశ్న. రెండో దానికి జవాబు చెప్పే ప్రాంతీయ మోడళ్లకూ, అంటే ఒక ప్రాంతం వాతావరణాన్నే వివరంగా లెక్కకట్టేవాటికీ, పరీక్ష ఉంది. ఇలాంటి మోడళ్లను కలిపి నడిపించే కార్డెక్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమంలో దక్షిణాసియా పనికి పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థది ముఖ్య పాత్ర. భవిష్యత్తు జోలికి పోకముందే ఈ మోడళ్లతో గడిచిన ఏళ్లను మళ్లీ నడిపిస్తారు. ఆ ప్రాంతం సరిహద్దుల్లోంచి లోపలికొచ్చే గాలి, తేమ వివరాలను భవిష్యత్తు లెక్కల్లోనైతే భూమి మొత్తాన్ని లెక్కకట్టే ప్రపంచ మోడల్ నుంచి తీసుకుంటారు; ఇక్కడ మాత్రం అసలు పరిశీలనల ఆధారంగా కూర్చినవే ఇస్తారు. అప్పుడు కూడా రుతుపవన వర్షం లెక్క తప్పితే, ప్రపంచ మోడల్ మీదికి నెట్టేసే వీలుండదు. నిజంగానే తప్పుతోంది కూడా. ఎక్కడ, ఎంత అన్నది మోడల్ వారీగా ఆ పరిశోధకులే రాసిపెట్టారు.