ఐదు సూత్రాల సర్వర్ సలహా: ఎక్కడ తప్పు, ఎంత తప్పు

చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్ల బాధ్యత చూసేవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. ఎవరు రాశారో తెలియదు, పంపేవాళ్లు మాత్రం అనుభవసారంలాగా పంపుతారు. ఇరవై ముప్ఫై మంది పనిచేసే ఆఫీసు తన సర్వర్లన్నిటినీ వర్చువల్ మెషిన్లుగా, అంటే ఒకే యంత్రంలో విడివిడి కంప్యూటర్లలా నడిచే సాఫ్ట్‌వేర్ రూపాలుగా, మార్చుకోవాలంటే ఏం కొనాలో అది ఐదు ముక్కల్లో చెబుతుంది. ఒకటి, ప్రాసెసర్‌లో పని చేసే భాగాలైన కోర్లు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది. రెండు, పెద్ద డిస్కులు నాలుగు తీసుకుని రెయిడ్ 5లో (ఒకటి పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపి వాడే పద్ధతిలో) పెడితే చోటుకు చోటు, భద్రతకు భద్రత. మూడు, రెయిడ్, స్నాప్‌షాట్ (మెషిన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని గుర్తుపెట్టుకునే సదుపాయం) ఉన్నాక వేరే బ్యాకప్ దండగ. నాలుగు, రెండు సర్వర్లు, వాటి మధ్య ఒక నాస్ (నెట్‌వర్క్ మీద అందరికీ అందే డిస్కుల పెట్టె) పెట్టుకుంటే ఆఫీసు ఎప్పటికీ ఆగదు. ఐదు, వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే హైపర్‌వైజర్, ఉచితం కాబట్టి డబ్బంతా హార్డ్‌వేర్‌కే పెట్టండి.

మూడోది తప్ప తక్కిన నాలుగింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. అందుకే ఈ సలహా ఇంతకాలం బతికింది. అయితే ఆఫీసు ఎన్ని గంటలు ఆగిపోతే తట్టుకోగలదు, పోయిన పనిలో ఎంత మళ్లీ చేసుకోగలదు అన్న రెండు ప్రశ్నలు ఇందులో ఎక్కడా కనిపించవు. వీటికి యజమాని నోటినుంచి జవాబు రాబట్టకుండా కొటేషన్ తెప్పించుకుంటే అమ్మేవాడు తన దగ్గర ఉన్నదే రాసిస్తాడు.

ముందు కోర్ల సంగతి. ఒక ఆఫీసులో సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు అందరూ ఒకేసారి లాగిన్ అయ్యేసరికి అకౌంట్స్ ప్రోగ్రాం తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది. ప్రాసెసర్ చాలడం లేదు, పెద్దది చూడమని నన్ను పిలిచారు. హోస్ట్ (వర్చువల్ మెషిన్లను మోసే అసలు సర్వర్) గ్రాఫులు తెరిచి చూస్తే ప్రాసెసర్ వాడకం 12 శాతం. డిస్కు జవాబివ్వడానికి తీసుకుంటున్న సమయం మాత్రం 90 మిల్లీసెకన్లు. కోర్లన్నీ చేతులు కట్టుకుని డిస్కు కోసం నిలబడి ఉన్నాయి. వాటి సంఖ్య రెట్టింపు చేస్తే నిలబడేవి రెట్టింపవుతాయి, అంతే.

పైగా ఉన్నాయి కదా అని ఒక్కో వర్చువల్ మెషిన్‌కు ఎనిమిదేసి వర్చువల్ కోర్లు ఇస్తారు. అలా ఇచ్చినకొద్దీ అసలు కోర్ల కోసం క్యూలో వేచి ఉండే సమయం పెరుగుతుంది. ఎనిమిదిని మూడుకు తగ్గించాక మెషిన్ చురుకైన సందర్భాలు నాకు కొత్త కాదు. చిన్న ఆఫీసులో ముందుగా నిండిపోయేది మెమరీ. ప్రాసెసర్‌ను వంతులవారీగా పంచుకోవచ్చు కానీ మెమరీని ఉన్నదానికి మించి పంచితే చివరికి డిస్కు మీద పడుతుంది. కోర్లకు అనుకున్న డబ్బులో కొంత అటు మళ్లించడం మేలు, అదీ ఒక బిట్ తప్పును తానే సరిదిద్దుకునే ఈసీసీ మెమరీకి.

ఇక రెయిడ్ 5. దీని గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే.

నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు పూర్తి చేయడానికి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు, చదివే హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. హెడ్ ఆ వరుసకు జరగడానికి ఇంకో 8 వేసుకోండి. మొత్తం 12. అంటే అక్కడొకటి ఇక్కడొకటి చదివే పనులు సెకనుకు 80 కంటే ఎక్కువ కావు. నాలుగు డిస్కులకు 320. రెయిడ్ 5లో ఒక చిన్న రాతకు పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ (పోయిన డిస్కులోని డేటాను తిరిగి లెక్కగట్టే అదనపు సమాచారం) చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త ప్యారిటీ రాయాలి. నాలుగు పనులు. 320ని నాలుగుతో భాగిస్తే మళ్లీ 80. నాలుగు డిస్కులు కొని, రాతల విషయంలో ఒక్క డిస్కు వేగంతో సరిపెట్టుకున్నట్టు. అవే డిస్కులు, ప్రతిదాన్నీ రెండేసి డిస్కుల మీద రాసే రెయిడ్ 10లో ఉంటే రాతకు రెండే పనులు, కాబట్టి 160 వస్తాయి.

వర్చువలైజేషన్ దీన్ని మరింత ముదురుస్తుంది. విడివిడి సర్వర్లు ఉన్న రోజుల్లో దేని డిస్కు దానిదే, ఒక వరుసలో రాసుకుంటూ పోయేది. పది మెషిన్లు ఒకే డిస్కుల మీదకు చేరాక పది వరుసలూ కలగాపులగమవుతాయి. డిస్కు కంట చూస్తే ప్రతి రాతా ఎక్కడో ఒకచోట పడేదే. డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డులో బ్యాటరీ ఆసరా ఉన్న క్యాష్ (రాతలను కాసేపు పట్టి ఉంచే మెమరీ) ఈ బాధను చాలావరకు దాస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ బ్యాటరీ ముసలిదైపోగానే చాలా కంట్రోలర్లు క్యాష్‌లో రాతలను ఆపుకోవడం మానేస్తాయి. అప్పుడు ఏ మార్పూ చేయని ఆఫీసు ఒక ఉదయం నత్తనడక పడుతుంది. ఇందాకటి 90 మిల్లీసెకన్ల వెనక కథ అదే. కంట్రోలర్ లాగ్‌లో బ్యాటరీ హెచ్చరిక నాలుగు నెలలుగా పడి ఉంది, చూసిన నాథుడు లేడు.

భద్రత సంగతికొస్తే, 12 టెరాబైట్ల డిస్కు ఒకటి పోయిందనుకుందాం. కొత్తదాన్ని సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా నింపినా 60,000 సెకన్లు, దాదాపు 17 గంటలు. ఆఫీసు పని నడుస్తుండగా అయితే రోజులు పడుతుంది. అంతసేపూ మిగిలిన మూడు డిస్కుల్లో ఏ ఒక్కటి పోయినా అంతా పోయినట్టే. అవన్నీ ఒకే రోజు కొన్నవి, ఒకే పెట్టెలో ఒకే వేడిలో అరిగినవి, ఇప్పుడు మొత్తం 36 టెరాబైట్లు చదవాల్సినవి. సాధారణ డిస్కుల వివరపత్రాల్లో సుమారు 12.5 టెరాబైట్లకు ఒక చదవలేని చోటు ఉండవచ్చని హద్దు రాసి ఉంటుంది. దీన్ని పట్టుకుని రెయిడ్ 5 తిరిగి నిండడం అసాధ్యమని చెప్పేవాళ్లూ ఉన్నారు. అదీ అతిశయోక్తే, డిస్కులు ఆ హద్దు కంటే చాలా మెరుగ్గానే నడుస్తాయి. కానీ ఆఫీసు మొత్తాన్ని ఆ అదృష్టం మీద వదిలేయడం దేనికి? కొనేటప్పుడు డిస్కు రికార్డింగ్ పద్ధతి కూడా అడగండి. ట్రాకులను పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పరిచే డిస్కులు నాస్ డిస్కుల పేరుతోనే అమ్ముడవుతున్నాయని 2020లో పెద్ద రగడ జరిగింది. తిరిగి నింపే పనిలో అవి దారుణంగా వెనకబడతాయి.

నా మాట ఇది. వర్చువల్ మెషిన్లకు, ఒకదాని నకలు ఇంకొకదానిలో ఉండేలా జంటగా నడిచే ఎస్ఎస్‌డిలు (తిరగకుండా ఫ్లాష్ చిప్పుల్లో దాచే డిస్కులు), పాత ఫైళ్ల గోదాముకు పెద్ద డిస్కులతో, రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6. ఎస్ఎస్‌డి కూడా కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్నది రాసి ముగించేందుకు కెపాసిటర్లు ఉన్న రకం కావాలి. డేటాబేస్ ప్రతి లావాదేవీకీ ‘నిజంగా రాశావా’ అని అడుగుతుంది. కెపాసిటర్ ఉన్నది క్యాష్‌లో పడగానే ధైర్యంగా ‘రాశాను’ అంటుంది. లేనిది ప్రతిసారీ ఫ్లాష్ దాకా వెళ్లి రావాలి. డబ్బా మీద అచ్చువేసిన వేగాల్లో ఈ తేడా కనిపించదు.

మూడో సూత్రం మీద ఎక్కువ ఊపిరి ఖర్చు చేయను. రెయిడ్ 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించినది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవకవి చాలా వాడితే, వాటిలో ఒకటి పోయినా పని ఎలా సాగాలన్నదే వాళ్లు తీసుకున్న సమస్య. పొరపాటున చెరిపిన ఫోల్డర్‌ను రెయిడ్ అన్ని డిస్కుల మీదా అంతే నమ్మకంగా చెరుపుతుంది. ఫైళ్లను బందీ చేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ గుప్తీకరించిన వాటినీ అంతే నమ్మకంగా కాపాడుతుంది.

స్నాప్‌షాట్ అయితే అసలు డిస్కు మీదే, దాన్నే ఆసరా చేసుకుని బతుకుతుంది. హైపర్‌వైజర్ తయారుచేసే వీఎంవేర్ సంస్థ తన సూచనల్లోనే ఏ స్నాప్‌షాట్‌నూ 72 గంటలకు మించి ఉంచవద్దంటుంది. నేను చూసిన ఒకచోట అప్‌డేట్‌కు ముందు తీసిన స్నాప్‌షాట్‌ను ఎనిమిది నెలలు మరిచిపోయారు. ఫోల్డర్ తెరిస్తే, స్నాప్‌షాట్ తర్వాతి మార్పులన్నీ చేరే, పేరు చివర 000001 అని ఉన్న ఫైలు అసలు డిస్కు ఫైలుతో సమానంగా పెరిగి కూర్చుంది. ఒక శనివారం చోటు నిండి మెషిన్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. దాన్ని తిరిగి కలపడానికే రాత్రంతా పట్టింది. జడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టం తీసే స్నాప్‌షాట్లు ఇంత బరువు కావు, రోజువారీ పొరపాట్లకు అక్కరకొస్తాయి. వాటిని వేరే యంత్రానికి పంపినప్పుడే బ్యాకప్ అనిపించుకుంటాయి.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క, అంటే మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి బయటిచోట, ఇప్పటికీ సరిపోతుంది. దానికి నేను చేర్చేది, బ్యాకప్ పెట్టెకు ఆఫీసు డొమైన్ (అందరి ఖాతాలనూ ఒకేచోట చూసే లాగిన్ వ్యవస్థ) పాస్‌వర్డ్ వాడకూడదు. తిరిగి తెచ్చుకునే సమయం కూడా ముందే లెక్క వేసుకోవాలి. ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు 110 మెగాబైట్లు వస్తే గొప్ప. 4 టెరాబైట్లు రావడానికి పది గంటలు. ‘గంటలో లేవాలి’ అన్న యజమానికి ఈ అంకె కొనకముందే చూపించాలి.

నాలుగో సూత్రం అన్నిటికంటే ముచ్చటగా కనిపిస్తుంది, అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. సర్వర్ పోతే రెండో సర్వర్ ఉంది, నిజమే. నాస్ పోతే? దానికి మదర్‌బోర్డు ఒకటి, ఆపరేటింగ్ సిస్టం ఒకటి, చాలా మోడళ్లలో పవర్ సప్లై కూడా ఒకటే. మధ్యలో స్విచ్ ఒకటి. ఎద్దులు రెండున్నా బండికి ఇరుసు ఒకటే. ఇంతకుముందు ఒక్క సర్వర్ సరిగ్గా ఉంటే పని నడిచేది. ఇప్పుడు నాస్, స్విచ్, కనీసం ఒక సర్వర్, మూడూ బాగుంటేనే నడుస్తుంది. ఆగిపోయే దారులు పెంచుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టారన్నమాట.

చాలా చిన్న ఆఫీసులకు లోపలి డిస్కులున్న ఒక మంచి సర్వర్, దాని మెషిన్ల నకళ్లు ఎప్పటికప్పుడు అందుకునే రెండో సర్వర్ చాలు. మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ అయిన హైపర్-విలోని రెప్లికాలో నకళ్ల మధ్య వ్యవధి 30 సెకన్లు, 5 నిమిషాలు లేదా 15 నిమిషాలు. ప్రాక్స్‌మాక్స్ అనే ఇంకో హైపర్‌వైజర్‌లో జడ్ఎఫ్ఎస్ మీద నిమిషానికోసారి దాకా పెట్టుకోవచ్చు. మొదటిది పోతే రెండోదానిలో చేత్తో లేపుకుంటారు, పదిహేను నిమిషాల పని మళ్లీ చేసుకుంటారు. ఇది చాలదనే ఆఫీసులూ ఉంటాయి. వాళ్లు రెండు సర్వర్ల డిస్కులనూ అప్పటికప్పుడు సరితూగేలా ఉంచే ఏర్పాటు, 10 గిగాబిట్ నెట్‌వర్క్, ఇంకా మూడో ఓటు వేసే ఒక చిన్న యంత్రం పెట్టుకోవాలి. ఆ మూడో ఓటు లేకపోతే మధ్య తీగ తెగినప్పుడు రెండూ ‘నేనే బతికున్నాను’ అనుకుని ఒకే మెషిన్‌ను రెండుచోట్ల లేపగలవు. ఏ పద్ధతిలోనైనా రెండు సర్వర్లకూ పని పంచితే మెమరీని సగం మించి నింపకూడదు, ఒకటి పోయిన రోజు రెండోది అందరినీ మోయాలి.

ఇంకో చిన్న గొడవ. హోస్ట్‌లోకి లాగిన్ అవడానికి డొమైన్ ఖాతా పెడతారు, ఆ ఖాతాలను సరిచూసే డొమైన్ కంట్రోలర్ అదే హోస్ట్ లోపల మెషిన్‌గా ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక తాళంచెవి పెట్టెలో, పెట్టెకు తాళం. స్థానిక ఖాతా ఒకటి కాగితం మీద రాసి భద్రపరచండి. యూపీఎస్ కూడా బ్యాటరీ అడుగంటేలోపు మెషిన్లను వరుసగా ఆపేలా సర్వర్‌కు కలిపి ఉండాలి.

చివరిది, హైపర్‌వైజర్ ఉచితమన్న సూత్రం. వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొన్నది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. 2024 ఆరంభంలో వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్‌ఐ ఉచిత రూపం కూడా పోయింది, 2025 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఆధారపడే సదుపాయం ఆ ఉచిత రూపంలో లేదు. ప్రాక్స్‌మాక్స్ నిజంగానే ఉచితం, దాని కింద మెషిన్లను నడిపే కేవీఎం 2007 నుంచి లినక్స్ కెర్నెల్‌లో భాగం. నేను ఎక్కువగా సూచించేదీ అదే. అయితే హైపర్‌వైజర్ ఉచితమైనంత మాత్రాన లోపల నడిచే విండోస్ సర్వర్ ఉచితం కాదు, దాని లైసెన్సు కోర్ల లెక్కన కొనాలి. స్టాండర్డ్ లైసెన్సును సర్వర్‌లోని కోర్లన్నిటికీ, కనీసం 16కు, కొంటే రెండు విండోస్ మెషిన్లకు హక్కు వస్తుంది. ఇంకో రెండు కావాలంటే కోర్లన్నిటికీ మళ్లీ కొనాలి. ఆరు విండోస్ మెషిన్లున్న ఆఫీసుకు 16 కోర్ల సర్వర్ అయితే 48 కోర్ల లైసెన్సులు. మొదటి సూత్రం నమ్మి 64 కోర్లు తెచ్చుకుంటే 192. హార్డ్‌వేర్ కొటేషన్‌లో ఆ 64 ఒక్క వరుసలో ఒదిగిపోతుంది. ఈ 192 వేరే బిల్లులో, సర్వర్ ర్యాక్‌లో బిగించాక వస్తుంది.