పద్యం ఎక్కడ ఆపాలి?

తెనాలిలో పద్యనాటకం ముగిసేసరికి రాత్రి పదకొండు దాటింది. హాలు ఎదుటి టీకొట్టు ఇంకా కట్టలేదు. ఐదుగురం అక్కడ చేరాం. రైల్వేలో పనిచేసి విరమించిన ఒక హార్మోనిస్టు, ఆయనను అందరం మాస్టారు అని పిలుస్తాం. కళాశాలలో తెలుగు బోధించే ఒక అధ్యాపకురాలు. చిన్నతనం నుంచీ వేషాలు కడుతున్న ఒక నటుడు. పాత పుస్తకాలు కొని అమ్మే ఒక మిత్రుడు. నేను. గ్లాసులు చేతికి రాకముందే వాదన మొదలైంది. ఆ రాత్రి కృష్ణుడి వేషం వేసినాయన ‘చెల్లియొ చెల్లకో’ పద్యంలో మొదటి పాదం చివర ఆగాడు. అక్కడ రాగం అందుకుని, చప్పట్లు పడ్డాక రెండో పాదం ఎత్తుకున్నాడు.

“రాగం బాగుంది, పద్యం విరిగింది” అన్నారు అధ్యాపకురాలు.

తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలలో రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభలో చెప్పే పద్యం అది. మొదటి పాదం ‘చెల్లియొ చెల్లకో తమకు చేసిన యెగ్గులు సైచిరందరున్’ అని ముగుస్తుంది. రెండో పాదం ‘తొల్లి గతించె’ అని మొదలవుతుంది. తొల్లి అంటే మునుపు. ఆ మాట ఎటు చేరాలి? ముందుకు కలిపితే, మునుపటిది గడిచిపోయింది అని అర్థం. వెనక్కి కలిపితే, తమకు జరిగిన కీడును పాండవులందరూ మునుపు సహించారు, గడిచిపోయింది అని అర్థం. తేడా చిన్నదే. కానీ వెనక్కి కలిపినప్పుడు ‘గతించె’ ఒంటరిగా నిలబడుతుంది. పన్నెండేళ్ల అరణ్యవాసాన్నీ ఏడాది అజ్ఞాతవాసాన్నీ కృష్ణుడు ఆ ఒక్క మాటతో పక్కకు పెట్టేస్తాడు. వెంటనే ‘నేడు’ వస్తుంది. రాయబారం అసలు బలమంతా ఆ రెండు మాటల నడుమ ఉన్న సన్నటి ఎడంలో ఉంది. నా మటుకు నాకు అదే సరైన విరుపు.

మాస్టారు ఒప్పుకోలేదు. “ఊపిరి తీసుకునే చోటు పాదం చివరే కదమ్మా. హార్మోనియం అందుకోవలసింది కూడా అక్కడే. పాదం అక్కడ ముగించింది కవులే కదా!” నటుడు గ్లాసు బల్ల మీద పెట్టాడు. “ఎదురుగా దుర్యోధనుడు కూర్చుని ఉన్నాడు మాస్టారూ. ‘గతించె’ అన్నప్పుడు నా చెయ్యి ఇలా తిరగాలి. రాగం తీస్తూ ఉంటే చెయ్యి ఆడదు” అని చేసి చూపించాడు. టీ కాచే కుర్రవాడు కూడా పని ఆపి చూశాడు.

ఆ అరగంటలో జరిగింది ఉబుసుపోక కబుర్లు కావని నా నమ్మకం. మనకున్న కళావిమర్శలో మంచి భాగం ఇలాంటి చోట్లే పుట్టింది, పుడుతోంది. దాన్ని ఎవరూ రాసిపెట్టరు కాబట్టి లెక్కలోకి రాదు. పత్రికలో వచ్చే సమీక్షలో నటుల పేర్లు, ముఖ్య అతిథుల పేర్లు ఉంటాయి. పద్యం ఎక్కడ విరిగిందో ఉండదు. నాటకం చూసినవారు, సంగీతం తెలిసినవారు, పుస్తకం చదివినవారు ఒకచోట నిలబడి, ఒకరి మాట ఒకరు కాదంటేనే ఆ సంగతి బయటపడుతుంది.

తెలుగులో ఈ ముగ్గురూ కలవడం తప్పనిసరి, ఎందుకంటే మన కళలు మొదటి నుంచీ అలా పుట్టినవే. యక్షగానంలో కథ ఉంది, పాట ఉంది, ఆట ఉంది. హరికథలో ఒకే మనిషి కవి, గాయకుడు, నటుడు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఆ మూడూ అయినవారే. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షుడూ ఆయనే. పద్యనాటకానికి వస్తే, ఛందస్సు మన కావ్యాలది, బాణీల్లో చాలావాటికి మూలం ధార్వాడ నాటక సమాజాలు మోసుకొచ్చిన హిందుస్తానీ సంగీతం, అభినయం రంగస్థలానిది. వీటిలో ఒక్కటే తెలిసినవారికి మిగిలిన రెండూ చెప్పడానికి పక్కన ఒక స్నేహితుడు ఉండాలి.

కర్ణాటక సంగీతంలోనూ ఇదే సంగతి. త్యాగరాజ స్వామి కల్యాణి రాగ కృతి ‘వాసుదేవయని’ కచేరీలలో తరచుగా వింటాం. గాయకులు దాన్ని భక్తి కీర్తనగా పాడతారు, మనం కళ్లు మూసుకుని తల ఊపుతాం. నేనూ చాలా ఏళ్లు అలాగే విన్నాను. ఒకసారి కచేరీ నుంచి తిరిగి వస్తూ బస్సులో మా నటుడు అన్నాడు: “ఇది ప్రవేశం పాట కదండీ. ద్వారపాలకుడు వస్తున్నాడు, చూడండి అంటున్నారు. ఆ నడక ఎక్కడా వినపడలేదే!” నిజమే. అది ‘ప్రహ్లాద భక్తి విజయం’ అనే గేయనాటకంలో దౌవారికుడు రంగం మీదకు వచ్చే పాట. ‘నౌకా చరిత్రం’ కూడా త్యాగయ్య రాసిన గేయనాటకమే. ఆ మాట విన్న తరువాత ఆ కృతి నాకు మళ్లీ మునుపటిలా వినపడలేదు. ‘వెడలిన’ దగ్గర కాలు కదులుతున్నట్లే ఉంటుంది. సంగీతం మీద నేను చదివిన పుస్తకాలు చెప్పని సంగతిని, సంగీతం నేర్చుకోని ఒక నటుడు ఇరవై నిమిషాల బస్సు ప్రయాణంలో చెప్పాడు.

మరొక సంగతి పుస్తకాల మిత్రుడు చెప్పింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్ర’ కాటిసీను అంటే పల్లెల్లో ఇప్పటికీ జనం తెల్లవార్లూ కూర్చుంటారు. ఆ సీనులో హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూస్తూ పాడే గొప్ప పద్యాలలో కొన్ని బలిజేపల్లివి కావు. అవి గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ నుంచి నటులు తెచ్చుకుని కలుపుకున్నవి. కవి కలమైనా, రాజు ముద్ర అయినా అక్కడ బూడిదే అని చెప్పే పద్యాలు. అంటరానితనానికి ఇక్కడ తావు లేదని చెప్పే పద్యం కూడా ఆ ఖండికలోనిదే. కాటిసీను పద్యాలు నోటికి వచ్చినవారు నాకు చాలామంది తెలుసు. అందులో ఏవి జాషువావో తెలిసినవారు తక్కువ. పద్యం వేదిక ఎక్కి చప్పట్లు అందుకుంటూ ఉంది, రాసినవాడి పేరు కింద ఉండిపోయింది. ఈ సంగతి చెప్పేటప్పుడు మా మిత్రుడి గొంతు గట్టిపడుతుంది. గట్టిపడవలసిన సంగతే.

అందుకే, పాత రోజుల అరుగులను తలుచుకుని నిట్టూర్చేవారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. జాషువా పద్యం ఊరి వేదిక ఎక్కింది గాని, ఆయన పుట్టిన కులం వారికి ఆ ఊరి పెద్దల అరుగు మీద చోటు దొరకలేదు. ఆడవారికీ దొరకలేదు. మా అధ్యాపకురాలు చిన్నప్పుడు తండ్రిగారి స్నేహితులు అరుగు మీద స్థానం నరసింహారావు సత్యభామ గురించి మాట్లాడుకుంటూ ఉంటే, లోపల కిటికీ దగ్గర చీకట్లో నిలబడి వినేవారట. ‘మీరజాలగలడా’ పల్లవిని ఆయన ఎన్ని రకాలుగా అభినయించేవారో ఒకాయన పాడి వినిపిస్తూ ఉంటే, ఒక్కసారి తొంగి చూడాలని ఉండేదట. ఒక మగవాడు ఆడవేషం ఎంత బాగా వేశాడో మగవారే కూర్చుని తేల్చుకుంటున్న చోట, ఒక ఆడపిల్లకు మాట్లాడే వీలు లేదు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలలో ఇంటి స్త్రీలే స్త్రీ పాత్రలు వేశారు. వేదిక మీదకు స్త్రీ అప్పుడే వచ్చింది. వేదిక ముందు జరిగే మాటల్లోకి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. మా టీకొట్టు దగ్గర మా అధ్యాపకురాలి గొంతు అందరికంటే గట్టిగా వినపడుతుంది. ఈ కాలంలో నేను మెచ్చుకునే మార్పులలో అది ఒకటి.

మరి ఇప్పుడు లోటేమిటి? మూడు కళల జనం మూడు దారులు పట్టారు. ఒకే ఊరిలో గానసభకు వెళ్లేవారు వేరు, పరిషత్తు నాటకాలకు వెళ్లేవారు వేరు, పుస్తకావిష్కరణలకు వెళ్లేవారు వేరు. హైదరాబాదులో ఒకే సాయంత్రం రవీంద్రభారతిలోనూ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనూ కార్యక్రమాలు ఉంటాయి, ఒకచోటి ముఖం రెండోచోట కనపడటం అరుదు. దానికి తోడు సభలు నడిపే తీరు. ఆరు గంటలకని పిలిచి ఏడుకు మొదలుపెడతారు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు. నాటకం ముగిసేసరికి ఆఖరి బస్సు వేళ అవుతుంది. చూసినవారికి మాట్లాడుకునే పది నిమిషాలు మిగలవు. ప్రసంగాలకు ఇచ్చిన గంటలో సగం నాటకం అయ్యాక ప్రేక్షకులకు వదిలితే, దీపాలు ఆర్పకుండా హాలు తెరిచి ఉంచితే, మన నాటకం కొద్ది ఏళ్లలోనే మెరుగుపడుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. నటుడికి శాలువా కప్పినవారు వేలమంది ఉన్నారు. ‘ఈ మాట దగ్గర నువ్వు తప్పు ఆగావు’ అని ప్రేమగా చెప్పేవారే కరవయ్యారు.

ఫోనులోని బృందాలు ఆ చోటును భర్తీ చేస్తాయని అనుకున్నాం. కొంత చేశాయి కూడా. పాత గ్రామఫోను పలకల పాటలు, ఎక్కడా దొరకని పుస్తకాల ప్రతులు ఇప్పుడు చేతిలోకి వస్తున్నాయి. అమెరికాలో ఉన్న మిత్రుడు తన ఉదయం కాఫీ వేళ మన రాత్రి సంభాషణలో కలుస్తున్నాడు. అయితే ఆ బృందంలో రచయిత ఉంటాడు, నటుడు ఉంటాడు, వారి బంధువులు ఉంటారు. అందుకని ‘అద్భుతం’, ‘అమోఘం’, రెండు చేతులు జోడించిన బొమ్మ. కాదన్నవాడు రెండు రోజులు ఒంటరి అవుతాడు. టీకొట్టు దగ్గర కాదన్నప్పుడు ముఖం కనిపిస్తుంది, కళ్లలో నవ్వు కనిపిస్తుంది, టీ డబ్బులు ఎవరిస్తారని చిన్న పెనుగులాట ఉంటుంది. అక్షరాల్లో ఆ మెత్తదనం దిగదు. పైగా అక్కడ నాటకం ముక్కలుగా వస్తుంది. నాలుగు నిమిషాల పద్యం చూసి తీర్పు చెబుతాం. ముందు సీనులో ఏం జరిగిందో తెలియదు. అలా అని ఇదంతా ఫోను తెచ్చిన చేటు అనలేను. పాత గ్రామఫోను పలక ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. మహానటుల పద్యాలు మనకు మిగిలినవి ఆ మూడు నిమిషాల కొలతలోనే. వేదిక మీద ‘వన్స్‌మోర్’ల నడుమ అవి ఎంత సాగేవో, ఎలా మారేవో, చూసినవారు చూడనివారికి చెబితేనే తెలిసింది. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైన తరువాత రేడియో నాటకం వీధివీధంతా ఒకే వేళ వినేది. విన్నవెంటనే గోడకు ఇటూ అటూ మాట్లాడుకునేవారు. అందరూ ఒకే నాటకాన్ని మొదటి నుంచి చివరిదాకా విన్నారు కాబట్టి ఆ మాటలకు విలువ ఉండేది.

స్నేహితుల మాటలకు ఇంత బరువు పెట్టడం అతిశయోక్తి అనుకునేవారికి విజయనగరం వైపు చూడమంటాను. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అక్కడ సహాధ్యాయులు. ఒకరు 1892లో ‘కన్యాశుల్కం’ ఆడించి మనుషులు మాట్లాడే తెలుగును రంగం మీద నిలబెట్టారు. మరొకరు ఆ తెలుగే బడిలోనూ పుస్తకంలోనూ ఉండాలని జీవితాంతం పోరాడారు. నాటకం వైపు నుంచి ఒకరు, వ్యాకరణం వైపు నుంచి ఒకరు, ఒకే మాట దగ్గరకు వచ్చారు. 1909లో వచ్చిన కన్యాశుల్కం రెండో కూర్పు మొదటిదానికంటే ఎంతో పెద్దది, ఎంతో మారింది. రచయిత తన నాటకాన్ని పదిహేడేళ్లు మనసులో తిప్పుకుంటూ ఉన్నాడంటే, చుట్టూ దాని గురించి మాట్లాడే మనుషులు ఉన్నారనే నేను అనుకుంటాను. ఈ వ్యాసంతో సహా మనం రాసుకుంటున్న భాష ఆ స్నేహం పెట్టిన భిక్ష.

మొన్న రాత్రి పదిన్నరకు మాస్టారు ఫోను చేశారు. తెనాలి నాటకం జరిగి మూడు వారాలైంది. “ఆవిడ చెప్పినట్లు ‘తొల్లి’ దాకా ఒకే ఊపున వెళ్లి చూశానండీ. ఊపిరి చాలలేదు. తరువాత ‘చేసిన’ ముందు యతిస్థానంలో రవ్వంత ఊపిరి తీసుకుంటే సరిపోయింది. యతి ఊరికే పెట్టలేదు వాళ్లు. ఉండండి, వినిపిస్తాను” అన్నారు. ఫోను హార్మోనియం మీద పెట్టిన చప్పుడు వినిపించింది. పాడారు. పాదం దాటి ‘తొల్లి’ అని ఆగారు. రాగం తీయలేదు, ఒకే స్వరం మీద తిత్తి ఊదుతూ ఉంది. ‘గతించె’ అన్నారు, మాటలా.

కొంతసేపు ఇద్దరం ఏమీ అనలేదు. ఆపైన ఆయన అడిగారు: “ఆవిడకు ఇప్పుడు చేయవచ్చంటారా, పడుకుని ఉంటారా?”