పైలట్ ప్రాజెక్టు గారికి, కాలువ చివరి శివారు ఆయకట్టు నుంచి

అయ్యా పైలట్ ప్రాజెక్టు గారూ,

బాగున్నారా అండీ? మీరు వెళ్ళిపోయాక మీ ఫ్లెక్సీ మాత్రం బాగానే ఉంది, మా పక్కింటివాళ్ళు గడ్డిమేటు మీద కప్పారు, ఎంత వానొచ్చినా చుక్క దిగట్లేదు. ప్రాజెక్టు మొత్తంలో గట్టి సరుకు అదొక్కటే అని ఊళ్ళో అంటున్నారు, నేననలేదు.

మీరొచ్చింది తడి-పొడి వరి సాగు నేర్పడానికి. చిల్లుల గొట్టం మడిలో సగం దిగేసి, లోపల నీరు 15 సెంటీమీటర్ల కిందకి పోయాకే మళ్ళీ తడి పెట్టమన్నారు. ఆలోచన మంచిదే, కాదనను. నాటిన మొదట్లో, పూత దశలో తప్ప వరికి ఎప్పుడూ నీళ్ళలో నిలబడే అవసరం లేదు, మడి మధ్యమధ్యలో ఆరితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా తగ్గుతుంది. కానీ దాళ్వాలో, అంటే రబీ పంటకి, మాకు నీళ్ళొచ్చేది గొట్టం చెప్పినప్పుడు కాదండీ, కాలువ నీళ్ళ వంతు మాకు వచ్చినప్పుడు. గొట్టం 'ఇప్పుడు పెట్టు' అన్న రోజున మా బోదెలో, అదే చేలకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువలో, కప్ప కూడా ఉండదు. వంతు వచ్చిన రాత్రి గొట్టం 'వద్దు' అంటుంది, కానీ మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియని నీళ్ళని వదులుకునే రైతు గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు, గట్టు తెగేదాకా పెట్టుకుంటాం. పైగా మా వైపు చాలా చేలకి విడిగా బోదెలు లేవు, పై చేలోంచే కింది చేలోకి పారాలి. పైనున్నాయన మీ మాట విని మడి ఆరబెడితే కిందున్నాయన పార పట్టుకొస్తాడు, మట్టి తీయడానికి కాదు.

ఇంకోటి. నీటి తీరువా ఎకరాల లెక్కన కడతాం, ఎన్ని నీళ్ళు వాడామన్న లెక్కే లేదు. నేను ఆదా చేసిన నీళ్ళు చివరి చేనుకి చేరాయో, దారిలో ఏ చేపల చెరువులోకి పోయాయో మీరూ చూడలేదు.

మీరు ఎంచుకున్న చేను గురించి మాట్లాడకపోతే పాపం. రోడ్డు పక్కది, తూము పక్కది, కారు దిగితే చెప్పు తడవదు. కాగితం మీద దాని రైతు హైదరాబాద్‌లో ఉంటాడు. దున్ని, నాటి, మీ గొట్టంలోకి రోజూ తొంగిచూసి లెక్క రాసిన కౌలు రైతు మీ ఫొటోలో కుర్చీలు మోస్తూ వెనక ఓ మూల కనిపిస్తాడు, అదీ సగమే. తూము తిప్పే లష్కర్‌ని శిక్షణకి పిలవనే లేదు. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘం ఉండగా మీరు ఇంకో కమిటీ వేశారు, మీ నిధులతో పాటే అదీ అయిపోయింది. గొట్టాల్లో ఒకటి మా వీధిలో ఒకావిడ తులసిమొక్కకి కుండీ చేసుకుంది, చిల్లులు ముందే ఉన్నాయి కదా.

మా అసలు జబ్బు సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, మురుగండీ. కోనసీమలో అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు భూములు సముద్రానికి దగ్గర, పల్లం. సముద్రం పోటు మీద ఉంటే మురుగు కాలువ దిగదు, దిగే వేళకి గుర్రపుడెక్క, పూడిక అడ్డం. ఇదీ ఒక కారణంగా 2011లో కోనసీమ రైతులు సార్వాకే సెలవు ప్రకటించారు, 2022లో మళ్ళీ అదే మాట వినబడింది. అందుకని గుర్రపుడెక్క తీయించడానికి ఏమైనా ఇస్తారా అనడిగితే మీరు నవ్వి, 'అది మెయింటెనెన్స్ అండీ, ఇన్నోవేషన్ కాదు' అన్నారు. పూడిక తీయడం మా తాతలకే తెలిసిన పని కావడం మా ఖర్మ. ఏప్రిల్‌లో కాలువలకి నీళ్ళు కట్టేస్తే పనులు మంజూరయ్యేసరికి మే సగం పోతుంది, జూన్‌లో నీళ్ళొదిలాక పొక్లెయిన్ వస్తుంది. ఈ ఒక్క ముడి విప్పి చూపించండి, అంతకంటే పెద్ద ఇన్నోవేషన్ ఈ డెల్టాకి ఏముంటుంది?

కాటన్ దొర 1836లో తమిళనాడులో కొల్లిడం నది మీద ఆనకట్టలు కట్టి, అక్కడ నేర్చుకున్నదాంతో 1847లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. మీరు ఇక్కడ నేర్చుకున్నది రిపోర్టుగా బైండు చేయించి, పక్క జిల్లాకెళ్ళి మళ్ళీ అఆల నుంచి మొదలెడతారు.

మళ్ళీ వస్తారని విన్నాం, రండి. ఈసారి ఒక్క చేను కాకుండా ఒక బోదె మొత్తం, తూము నుంచి శివారు దాకా, సార్వా దాళ్వా రెండూ, కనీసం మూడేళ్ళు తీసుకోండి. వంతులు మార్చే మాట ముందే కాలువ అధికారులతో ఒప్పించుకోండి. లష్కర్ జీతం, మురుగు కాలువ పూడిక కూడా ఆ డబ్బులోనే రాయండి, కౌలు రైతు పేరు కౌలు రైతుగానే రాయండి. ప్రాజెక్టు పేరులో 'స్మార్ట్' అని ఉండాల్సిందే అంటే ఉంచుకోండి, మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
శివారు చేను రైతు