ఇంటి డబ్బు, కొట్టు డబ్బు ఒకే ఖాతాలో పడితే

విశాఖలో పన్ను రిటర్నుల హడావిడి ఏటా జూలైలో మొదలవుతుంది. ద్వారకానగర్‌లో ఆడిటర్ల దగ్గరికి సంచుల నిండా బిల్లులతో జనం వచ్చేది ఆ రోజుల్లోనే. నిజానికి అంచనా లాభ పద్ధతి (అమ్మకాల్లో ఇంత శాతాన్ని లాభంగా చూపే పద్ధతి) ఎంచుకున్న వ్యాపారికి పన్ను 10 వేలో, ఆపైనో పడితే ముందస్తు పన్ను గడువు మార్చి 15కే ముగుస్తుంది. అయినా అసలు చిక్కు గడువులో గానీ, సంచిలోని కాగితాల్లో గానీ లేదని, బ్యాంకు ఖాతాలో కలగాపులగమైన డబ్బులోనే ఉందని నా అభిప్రాయం.

పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా చిన్న దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన కనిపించే క్యూఆర్ కోడ్ చాలాచోట్ల యజమాని సొంత సేవింగ్స్ ఖాతాకే ముడిపడి ఉంటుంది. ఉదయం కందిపప్పు, చింతపండు కొన్నవారి డబ్బు, మధ్యాహ్నం పాడుకున్న చీటీ డబ్బు, సాయంత్రం బావమరిది తిరిగి ఇచ్చిన చేబదులు, అన్నీ అందులోనే పడతాయి. ఆ రోజున ఏది ఏమిటో యజమానికి కంఠతా తెలుసు. మరుసటి జూలైలో స్టేట్‌మెంట్ ముందు పెడితే ఆయనకే గుర్తుండదు.

గోపాలపట్నంలో ఒక కిరాణా కొట్టు ఉందనుకుందాం. ఏడాదిలో ఖాతాలోకి 45 లక్షలు వచ్చాయి. అందులో 8 లక్షలు చీటీ డబ్బు, చేబదుళ్లు పోగా అసలు అమ్మకం 37 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి 40 లక్షలు గనుక మామూలుగా ఆయనకు ఆ అవసరం రాదు. ఆదాయపు పన్ను విషయానికొస్తే, అంచనా పద్ధతిలో డిజిటల్ వసూళ్లపై కనీసం 6 శాతం లాభం చూపాలి, అంటే 37 లక్షలపై 2 లక్షల 22 వేలు. కానీ స్టేట్‌మెంట్ 45 లక్షలనే చెబుతుంది. మిగిలిన 8 లక్షలు అమ్మకం కాదని రుజువు చేసే భారం ఆయన నెత్తిన పడుతుంది. పన్ను ఎగ్గొట్టాలన్న ఆలోచన ఏ కోశానా లేని మనిషి ఇలా సంజాయిషీ చెప్పుకోవలసి రావడం నన్ను బాధిస్తుంది.

2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న వర్తకులకు నోటీసులు పంపినప్పుడు బెంగళూరులో కొందరు క్యూఆర్ కోడ్‌లు తీసేసి నగదే ఇమ్మన్నారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం గానీ, ఆ దారి నష్టదాయకం. నగదు వసూళ్లకు అంచనా లాభం 8 శాతానికి పెరుగుతుంది. రేపు అప్పు కోసం బ్యాంకు గడప తొక్కితే చూపడానికి ఆధారమూ ఉండదు.

ఉద్యోగుల సంగతి కొంత తేలిక. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసేవారు జీతంలో కోసిన పన్ను చూపే ఫారం 16 చేతికొస్తే పని అయిపోయిందనుకుంటారు. అయితే ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీపై బ్యాంకు కోసేది 10 శాతమే. 20 శాతం శ్లాబులో ఉన్నవారు తక్కినది తామే కట్టాలి. ఆ వడ్డీ, షేర్ల అమ్మకాలు పన్ను శాఖ దగ్గరుండే వార్షిక సమాచార పట్టిక ఏఐఎస్‌లో ముందే నమోదై ఉంటాయి కనుక రిటర్ను వేసేముందు దాన్ని తెరిచి చూసుకోవాలి.

ఇక కాగితాలు. టోకు దుకాణంలో మెషీన్ నుంచి వచ్చే నున్నటి బిల్లును వేసవిలో చొక్కా జేబులో నాలుగు రోజులు ఉంచితే అంకెలు వెలిసిపోతాయి. కొన్నాళ్లకు తెల్ల కాగితమే మిగులుతుంది. కొన్న రోజే ఫోన్‌తో ఫొటో తీసి, నెలకొక ఫోల్డరులో వేసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చేసిన విధ్వంసం చూసిన ఊరికి, కాగితాన్ని ఒక్కచోటే ఉంచకూడదని వేరే చెప్పనక్కరలేదు. పాతకాలపు చిట్టా పుస్తకాన్నీ మానకూడదు. ఖాతాలో పడిన ప్రతి అమ్మకేతర మొత్తానికి ఎవరు, ఎందుకు ఇచ్చారో ఒక్క వాక్యం ఆ రోజే రాసుకుంటే ఆడిటర్ గారి పని సగం తగ్గుతుంది.

ఇంత చెప్పినా, కొట్టుకు వేరే ఖాతా తెరవమంటే చిన్న వ్యాపారి వెనకాడటానికి కారణం ఉంది. కరెంట్ ఖాతాకు బ్యాంకులు అడిగే కనీస నిల్వ వేలల్లో ఉంటుంది. తోపుడుబండి మీద బతికేవారికి ఆ సొమ్ము రేపటి సరుకు. క్యూఆర్ కోడ్‌ను ఉచితంగా అంటించి వెళ్లే బ్యాంకులు దాంతోపాటే కనీస నిల్వ లేని కరెంట్ ఖాతాను కూడా ఇవ్వాలి. ముందుగా పూర్ణా మార్కెట్‌లోనూ, రైతుబజార్ల చుట్టుపక్కల బండ్ల దగ్గరా ఈ పని మొదలుపెట్టవచ్చు.