కాదనేవారు కరవైన కీర్తి

మత్తులో కారు నడిపాడన్న ఆరోపణపై 2014 జనవరిలో మయామీ బీచ్ పోలీసులు గాయకుడు జస్టిన్ బీబర్‌ను అరెస్టు చేశారు. అప్పటికి అతని వయసు 19 ఏళ్లు. జైలు గేటు దాటగానే అతను కారు పైకెక్కి కూర్చుని, గుమిగూడిన జనానికి చేయి ఊపాడు. అజాగ్రత్తగా నడిపినట్టు, అరెస్టును ప్రతిఘటించినట్టు ఒప్పుకోవడంతో ఆ కేసు 50 వేల డాలర్ల విరాళంతో, కోపాన్ని అదుపు చేసుకునే తరగతులతో ముగిసింది. ఇలాంటి ప్రతి ఉదంతంలోనూ చర్చంతా కారు పైనున్న కుర్రాడి చుట్టూనే తిరుగుతుంది; కారు చుట్టూ మూగినవారిని ఎవరూ ప్రశ్నించరు.

ఆ వయసులో అందరూ తప్పులు చేస్తారని, మన కుర్రతనంలో కెమెరాలు లేవు గనుక బతికిపోయామని కొందరంటారు. నిజమే. అయితే మనకు కెమెరాలు లేకపోయినా చీవాట్లు ఉండేవి.

పేరొచ్చిన కుర్రాడికి దక్కనివి ఆ చీవాట్లే. మేనేజరు, ప్రచారం చూసే మనిషి, అంగరక్షకుడు, ఒక్కోసారి కన్నవారు సైతం అతని సంపాదన మీదే బతుకుతున్నప్పుడు, మందలించాల్సిన ప్రతి నోటికీ జీతం అడ్డుపడుతుంది. అభిమానులు తప్పును ముద్దుగా చూస్తారు. దూరం నుంచి తిట్టేవాళ్లు అతని కీర్తికి చేసే మేలు కూడా తక్కువేమీ కాదు. జపాన్‌లోని ఆవొకిగహారా అడవిలో ఆత్మహత్య చేసుకున్న మనిషి మృతదేహాన్ని 2017 డిసెంబరు 31న వీడియోలో చూపించిన అమెరికన్ యూట్యూబర్ లోగన్ పాల్‌ను ప్రపంచమంతా ఛీకొట్టింది, యూట్యూబ్ ప్రకటనదారులకు చూపే తన అగ్ర ఛానెళ్ల జాబితా నుంచి తొలగించింది. అతను చెప్పిన క్షమాపణను మాత్రం జనం కోట్ల సార్లు చూశారు. 2021 నాటికి అతను ప్రపంచ ప్రఖ్యాత బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్‌తో బాక్సింగ్ బరిలో నిలిచాడు. అసహ్యించుకుంటూ చూసినా లెక్కలో అది చూసినట్టే గదా!

ఈ సమస్యకు మూలం, పిల్లల సంపాదన మీద పెద్దలు బతకడంలో ఉంది. చాప్లిన్ సరసన 1921 నాటి సినిమాలో నటించిన బాలుడు జాకీ కూగన్ సంపాదనంతా తల్లి, సవతి తండ్రి ఖర్చు చేసేశారు. పెద్దయ్యాక అతను వారి మీద దావా వేయడంతో 1939లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. నేడు ఆ చట్టం కింద బాల కళాకారుల ఆదాయంలో 15 శాతం విడిగా దాచాలి. డబ్బుకు దొరికిన ఈ రక్షణ నడవడికకు అంతగా దొరకలేదు. అదే రాష్ట్రంలో సెట్ మీద బాల కళాకారులకు చదువు చెప్పే స్టూడియో టీచరు ఉంటారు. జీతం నిర్మాతే ఇచ్చినా, పిల్లల ఆరోగ్యానికో నైతికతకో చేటనిపిస్తే వారిని అక్కడి నుంచి తీసుకెళ్లే అధికారం చట్టం ఆ టీచరుకిచ్చింది. ఆ బాధ్యత 16 ఏళ్లు నిండేవరకే. కార్లు, మద్యం, పొగిడే గుంపు చేరే వయసు సరిగ్గా ఆ తర్వాతే మొదలవుతుంది.